వకీలు ఎవరికి బాకీ?



డబ్బు లేనివాడికి ఒక వకీలు ఫీజు తీసుకోకుండా పనిచేసి పెడితే, ఆ పనిని మనం ఏమని పిలవాలి? దానమనా? బాకీ తీర్చడమనా? మాటల్లో తేడా చిన్నదే గానీ, ఫలితంలో తేడా పెద్దది. దానం చేసినవాడిని మెచ్చుకుంటాం, చేయనివాడిని తప్పుపట్టలేం. బాకీ ఉన్నవాడు ఇస్తే మెచ్చుకోవలసిన పనిలేదు, ఇవ్వకపోతే మాత్రం అడిగే హక్కు మనకుంటుంది. ఈ ప్రశ్నకు ఇంకొకటి తోడవుతుంది. ఆ ఉచిత సహాయం జైల్లో ఉన్న పేదవాడికి, భర్త వదిలేసిన స్త్రీకి మాత్రమేనా? లేక నలుగురు కలిసి పెట్టుకున్న సంఘానికి, నాలుగు సాంచాలు నడుపుకునే ఆసామికి, వీధి చివర దుకాణదారుకు కూడా అందవలసినదేనా?

జవాబు వెతికే ముందు మనకు దగ్గరగా ఉన్న మూడు పట్టణాలకు వెళ్లి చూద్దాం. అక్కడ కనిపించే మనుషులను ఊహించి చెబుతున్నాను. వారి పరిస్థితులు మాత్రం మీకు తెలిసినవే.

సిరిసిల్లలో ఎనిమిది సాంచాలున్న ఒక ఆసామి ఉన్నాడనుకుందాం. సేటు నూలు ఇస్తాడు. ఆసామి బట్ట నేయించి అప్పగిస్తాడు. మీటరుకు ఇంత అని కూలి కట్టిస్తారు. అందులోంచే కార్మికుడి జీతం, కరెంటు బిల్లు, మరమ్మతులు, ఇంటి ఖర్చు వెళ్లాలి. లెక్కంతా జేబులోని చిన్న నోటుబుక్కులో ఉంటుంది. బట్ట అప్పగించి ఆరు నెలలైంది. సేటు ‘రేపు, మాపు’ అంటున్నాడు. పార్లమెంటు 2006లో చేసిన సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల అభివృద్ధి చట్టం ఈ ఆసామి పక్షాన నిలబడి ఉందని అతనికి తెలియదు. ఆ చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న పరిశ్రమలకు రావలసిన సొమ్ము ఒప్పందంలో రాసుకున్న గడువులో చెల్లించాలి. ఆ గడువు 45 రోజులు దాటడానికి వీల్లేదు. ఒప్పందమే లేకపోతే 15 రోజులు. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీగా కట్టాలి. వినడానికి ఎంత బాగుంది! కానీ ఈ రక్షణ కావాలంటే ఆసామి పేరు ‘ఉద్యమ్’ పోర్టల్‌లో నమోదై ఉండాలి. 2020 జూలై నుంచి నడుస్తున్న ఈ నమోదుకు ఒక్క రూపాయి కూడా ఫీజు లేదు. సరుకు అప్పగించినట్టు సంతకంతో ఒక కాగితం కూడా ఉండాలి. ఆసామి దగ్గర ఈ రెండూ లేవు.

కోరుట్లకు వెళ్దాం. గల్ఫ్‌లో పన్నెండేళ్లు చెమటోడ్చి తిరిగొచ్చిన ఒకతను బావమరిదితో కలిసి హార్డ్‌వేర్ దుకాణం పెట్టాడు. ఇంటి మనుషుల మధ్య కాగితమెందుకని ఏమీ రాసుకోలేదు. 1932 నాటి భాగస్వామ్య చట్టం ప్రకారం, రిజిస్టరు కాని భాగస్వామ్యం తనకు బాకీపడ్డ బయటివారి మీద ఆ ఒప్పందం ఆధారంగా దావా వేయలేదు. భాగస్వాములు విడిపోయి లెక్కలు తేల్చుకోవడానికి మాత్రమే చట్టం దారి వదిలింది. అంటే దుకాణం మూసేయడానికి కోర్టు తలుపు తెరిచే ఉంది గానీ, దాన్ని నిలబెట్టుకోవడానికి మాత్రం అది మూసి ఉంది.

ఇక జగిత్యాల. వికలాంగులైన పిల్లల కోసం కొందరు పెద్దమనుషులు ఒక సొసైటీ పెట్టారు. 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద ఏడుగురు చేరితే చాలు, సొసైటీ పుడుతుంది. పుట్టించడం సులువే, పెంచడమే కష్టం. అధ్యక్షుడు కన్నుమూశాడు. బ్యాంకు ఖాతా ఆయన పేరనే ఉండిపోయింది. పాలకవర్గం జాబితా రిజిస్ట్రారుకు పంపి ఐదేళ్లయింది. ఇంతలో ఎవరో మంచి దాత ముందుకొచ్చి, ‘కాగితాలు చూపించండి’ అన్నాడు. చూపించలేకపోయారు. దాత వెనక్కి వెళ్లాడు. పిల్లలు అక్కడే ఉన్నారు.

పాఠకులారా, ఈ ముగ్గురిలో ఎవరూ నేరం చేయలేదు. ఎవరి మీదా కేసు లేదు. వారికి కావలసింది కోర్టులో వాదించే వకీలు కాదు, కోర్టు దాకా పోకుండా చూసే వకీలు. ‘ఓడినవాడు కోర్టులో ఏడిస్తే, గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడ్చాడు’ అని మన పెద్దలు ఊరికే అనలేదు. జబ్బు ముదిరాక చేసే ఆపరేషన్ కంటే ముందే వేయించుకునే టీకా చవక. మన న్యాయసహాయం మాత్రం ఎక్కువగా ఆపరేషన్ గది చుట్టూనే తిరుగుతోంది.

చట్టం ఎంత దూరం వచ్చింది?

మన దేశం ఈ విషయంలో చేసింది తక్కువేమీ కాదు. 1976లో 42వ సవరణ ద్వారా రాజ్యాంగంలో 39ఎ అధికరణం చేరింది. పేదరికం వల్ల ఏ పౌరుడికీ న్యాయం దూరం కాకూడదని, ఉచిత న్యాయసహాయం ఏర్పాటు చేయాలని అది రాజ్యానికి చెబుతుంది. 1987లో న్యాయసేవాధికార సంస్థల చట్టం వచ్చింది, 1995 నవంబరు 9 నుంచి అమలైంది. స్త్రీలు, పిల్లలు, షెడ్యూల్డు కులాలు, తెగలవారు, వికలాంగులు, పారిశ్రామిక కార్మికులు, నిర్బంధంలో ఉన్నవారు, నిర్ణీత పరిమితి కంటే తక్కువ ఆదాయం ఉన్నవారు ఉచిత సహాయానికి అర్హులు. 2017లో కేంద్ర న్యాయశాఖ ‘న్యాయబంధు’ పేరుతో, ఉచితంగా పనిచేయదలచిన వకీళ్లను అవసరమున్నవారితో కలిపే పథకం మొదలుపెట్టింది.

ఆ జాబితాను మరొకసారి చదవండి. అందులో ఉన్నవారంతా వ్యక్తులే. అది సహజమే, ఆకలి వేసేది వ్యక్తికే కదా. కానీ పేదవాడు తన పేదరికంలోంచి బయటపడే దారి చాలాసార్లు ఒంటరి దారి కాదు. అతను సంఘంలో చేరతాడు, పొదుపు గుంపు కడతాడు, నలుగురితో కలిసి చిన్న వ్యాపారం పెడతాడు. పడిపోయినప్పుడు చేయి అందించే చట్టం, లేచి నిలబడే ప్రయత్నంలో ఉన్నప్పుడు కనిపించకుండా పోతే ఎలా? ఆ సంఘానికి, ఆ చిన్న వ్యాపారానికి సలహా చెప్పే పని ఎవరిది?

బాకీ ఎక్కడ పుట్టింది?

ఇక అసలు ప్రశ్నకు వద్దాం. బియ్యం అమ్మేవాడిని ఎవరూ ‘నెలకో బస్తా ఉచితంగా ఇవ్వు’ అని అడగరు. వకీలును మాత్రం ఎందుకు అడగాలి? ఇది న్యాయమైన అభ్యంతరమే. దీనికి రెండు జవాబులున్నాయి.

మొదటిది. చట్టం తెలియదనడం సాకుగా చెల్లదని ప్రతి కోర్టూ అంటుంది. సాంచాల కార్మికుడి నుంచి కోటీశ్వరుడి దాకా అందరూ చట్టం తెలిసినవారేనని రాజ్యం భావిస్తుంది. తెలియకపోవడం నేరమైనప్పుడు, తెలుసుకునే దారి అందరికీ అందుబాటులో ఉండాలి కదా! బియ్యం కొనకపోతే జొన్నలు తిని బతకవచ్చు. చట్టానికి బదులు ఇంకొకటి లేదు. అందరినీ కట్టేసే తాడు ముడి విప్పే నేర్పు కొందరి దగ్గరే ఉంటే, ఆ నేర్పు వారి సొంత ఆస్తి మాత్రమే కాదు.

రెండవది. కోర్టులో వాదించే వృత్తిని 1961 నాటి అడ్వకేట్ల చట్టం వకీళ్లకే కట్టబెట్టింది. ప్రజల మేలు కోసమే సమాజం ఆ తలుపు దగ్గర ఒక వరుసను నిలబెట్టి, మిగిలినవారిని బయట ఉంచింది. ఆ ఏర్పాటులోనే ఒక మాట ఇమిడి ఉంది. తలుపు దగ్గర నిలబడ్డవాడు డబ్బున్నవాడినే లోపలికి పంపకూడదు. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమాల్లో 46వది ఈ సంగతే చెబుతుంది. ఫీజు ఇచ్చుకోలేనివారికీ న్యాయసహాయం పొందే హక్కుందని, తన ఆర్థిక స్థితి అనుమతించినంత మేరకు పేదలకు, అణగారినవారికి ఉచితంగా సహాయపడటం వకీలు సమాజానికి చెల్లించవలసిన అత్యున్నత బాధ్యతల్లో ఒకటని దాని భావం.

ఈ చర్చ కొత్తదేమీ కాదు. క్రీస్తు పూర్వం 204లోనే రోమునగరం ‘లెక్స్ సింకియా’ అనే చట్టంతో, వాదించినందుకు ప్రతిఫలం తీసుకోవడాన్ని నిషేధించింది. ఆ నిషేధం నిలవలేదు. క్లౌడియస్ చక్రవర్తి కాలం నాటికి ఫీజుకు ఒక పరిమితి పెట్టి ఊరుకున్నారు. అందరినీ ఉచితంగానే పనిచేయమంటే, చివరికి ఆస్తిపరులే వకీళ్లవుతారు, లేదా చాటుగా పుచ్చుకుంటారు.

పునీత అక్వినాసు తోమాసు (1225–1274) ఈ సమస్యను సూటిగానే ఎదుర్కొన్నాడు. ‘సుమ్మా థియొలోజియే’ గ్రంథం రెండవ భాగపు ద్వితీయార్ధంలో 71వ ప్రశ్నంతా వకీళ్ల గురించే. పేదవాడి వ్యాజ్యాన్ని చేపట్టడానికి వకీలు ఎల్లప్పుడూ బద్ధుడేనా అని అడిగి, ఎల్లప్పుడూ కాదంటాడు. అలాగైతే అతను ఇంకే పనీ చేసుకోలేడు. కానీ ఆ పేదవాడు తనకు దగ్గరివాడై, అవసరం కళ్లముందే ఉండి, ఇంకెవరి ద్వారానూ సహాయం అందే మార్గం కనిపించనప్పుడు అతను బద్ధుడే. వైద్యుడి సంగతి కూడా అంతేనంటాడు. అదే ప్రశ్నలో ఫీజు తీసుకోవడం న్యాయమేనని ఒప్పుకుంటాడు. అయితే మనిషి స్థితిని, వ్యవహారాన్ని, పడ్డ శ్రమను, దేశాచారాన్ని చూసి మితంగా తీసుకోవాలి.

ఏడున్నర శతాబ్దాల కిందటి ఈ తూనికరాళ్లు ఇప్పటికీ పనికొస్తాయి. పెద్ద నగరంలో సంఘాలకు సలహా చెప్పేవారు దొరుకుతారు. సిరిసిల్ల, కోరుట్ల వంటి చోట దగ్గరివాడు, తెలిసినవాడు, అందుబాటులో ఉన్నవాడు స్థానిక వకీలే. ‘ఇంకెవరైనా చూస్తారులే’ అనే మాట హైదరాబాదులో కొంత నిజం కావచ్చు. కోరుట్లలో అది సగం అబద్ధం.

లాభం చేసుకునేవాడికి ఉచితమా?

‘సంఘమంటే సరే, వ్యాపారికి ఉచితమేమిటి? లాభం తనకు, శ్రమ వకీలుకా?’ అని మీరు అడగవచ్చు. నిజమే. వ్యాపారం అన్న పేరే అర్హత కాకూడదు. నేను మూడు పరీక్షలు పెడతాను. ఫీజు కడితే అతని ఇంట్లో పొయ్యి ఆరిపోతుందా? ఈ సలహా వల్ల అతనితోపాటు ఇంకెవరి కూడైనా నిలుస్తుందా? ఎదుటివాడి దగ్గర వకీలు ఉండి, ఇతని దగ్గర లేకపోవడం వల్లే ఇతను ఓడిపోతున్నాడా? మూడింటికీ అవునని జవాబు వస్తే సహాయం ఉచితంగా అందాలి. ఒకటి రెండింటికే వస్తే తక్కువ ఫీజు, వాయిదాల మీద. ఒక్కదానికీ రాకపోతే మామూలు ఫీజు. ఎనిమిది సాంచాల ఆసామి కాగితం మీద యజమాని. బతుకులో మాత్రం చాలాసార్లు తన కార్మికుడికి ఒక్క మెట్టు పైన నిలబడ్డ కూలివాడే. 2000 తరువాతి దశాబ్దంలో సిరిసిల్ల పేరు నేతన్నల ఆత్మహత్యల వల్లనే దేశమంతా వినిపించింది. వకీలు సలహా ఆ ప్రాణాలన్నిటినీ కాపాడేదని నేను అనను. నూలు ధర, మార్కెట్టు, అప్పులు వకీలు చేతిలో లేవు. కానీ అప్పు పత్రం మీద ఏం రాసి ఉందో చదివి చెప్పే మనిషి ఒకడు పక్కన ఉండటం చిన్న సంగతి కాదు.

మనవాళ్లు చూపిన దారి

న్యాయజ్ఞానం ఒక సంఘానికి వెన్నెముక కాగలదని చరిత్ర చెబుతుంది. 1894లో గాంధీ అనే యువ బారిస్టరు దక్షిణాఫ్రికాలో నాటాల్ ఇండియన్ కాంగ్రెసును నిలబెట్టాడు. ప్రజాసేవకు జీతం పుచ్చుకోనన్నాడు. సుమారు ఇరవైమంది వర్తకులు తమ వ్యాపార వ్యవహారాలకు ఆయనను వకీలుగా పెట్టుకుని ఏడాది ఫీజు ఇచ్చారు, ఆ ఆదాయంతో ఆయన బతుకు గడిచింది. చందాలకు రసీదులు, ఖర్చులకు లెక్కలు ఉండి తీరాలన్నాడు. ఉద్యమం కంటే ముందు రసీదు పుస్తకం వచ్చిందన్నమాట. ఫీజు తీసుకునే పని, తీసుకోని పని ఒకే మనిషిలో పోట్లాడుకోకుండా ఎలా ఉండగలవో ఈ ఉదాహరణ చూపుతుంది.

మన దగ్గరి సంగతి చూడండి. పాత కరీంనగర్ జిల్లాలోని ముల్కనూరులో 1956లో పుట్టిన సహకార గ్రామీణ బ్యాంకు దేశానికే ఆదర్శమైంది. అలాంటి సంఘాలు ప్రభుత్వ పెత్తనం లేకుండా తమ కాళ్ల మీద తాము నిలబడాలంటే వేరే చట్టం కావాలని హైదరాబాదులోని కోఆపరేటివ్ డెవలప్‌మెంట్ ఫౌండేషన్ వారు ఏళ్ల తరబడి పట్టుబట్టారు. ఫలితంగా 1995లో పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం వచ్చింది. మన నోళ్లలో అదే ‘మ్యాక్స్’ చట్టం. తరువాత కర్ణాటకతో సహా మరికొన్ని రాష్ట్రాలు అలాంటి చట్టాలు చేసుకున్నాయి. మన మహిళల గ్రామైక్య సంఘాలు, మండల సమాఖ్యలు నమోదైంది ఈ చట్టం కిందనే. 2017 నుంచి బతుకమ్మ చీరల ఆర్డర్లు అందుకున్నవాటిలో సిరిసిల్ల మ్యాక్స్ సంఘాలూ ఉన్నాయి. ఇంత మంచి చట్టం చేతిలో ఉంది. అయినా ఒక సభ్యురాలిని ఆపి, ‘అమ్మా, మీ సంఘం బైలాల్లో ఏముంది? లెక్కలు అడిగే హక్కు నీకుందా?’ అంటే ఎందరు చెప్పగలరు? చట్టం తేవడానికి ఒక తరం కష్టపడింది. దాన్ని సభ్యురాలి చేతికి అందించే పని ఇంకా మిగిలే ఉంది.

నేర్చుకోకుండా చేసే మేలు

ఇక్కడే శిక్షణ మాట వస్తుంది. మంచి మనసుంటే చాలదు. క్రిమినల్ కేసుల్లో ఇరవై ఏళ్లు వాదించిన వకీలుకు సొసైటీ బైలాలు రాయడం రాకపోవచ్చు. విదేశీ విరాళాల చట్టానికి 2020లో చేసిన సవరణ ప్రకారం ఆ సొమ్ము ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖ ఖాతాలోకే రావాలి, మరో సంస్థకు బదిలీ చేయకూడదు, పరిపాలన ఖర్చు 20 శాతం దాటకూడదు. ఇది తెలియని సలహాదారు మంచి సంస్థను ఒక్క సంతకంతో ముంచగలడు. రైతులు ఉత్పత్తిదారుల సంఘాన్ని కంపెనీగా నమోదు చేసుకుంటే ఏటా పత్రాలు దాఖలు చేయాలి. ఆలస్యమైతే ఒక్కో పత్రానికి రోజుకు 100 రూపాయల చొప్పున అదనపు రుసుము పడుతుంది. జగిత్యాల మామిడి రైతులకు ‘కంపెనీ పెట్టుకోండి’ అని సలహా ఇచ్చిన వకీలు ఈ సంగతి చెప్పకపోతే, ఆ ఉచిత సలహాకు రైతులే ఫీజు కడతారు.

‘వెయ్యిమందిని చంపితే గానీ వైద్యుడు కాడు’ అని మన సామెత. ఆ వెయ్యిమంది ఎప్పుడూ పేదలే ఎందుకు కావాలి? ఉచితంగా చేశాను కాబట్టి సగం చేసినా చాలునన్న వాదన నీతికి నిలవదు. ఫీజు వదులుకునే హక్కు వకీలుది. జాగ్రత్తను వదులుకునే హక్కు అతనిది కాదు, ఎందుకంటే దాని నష్టం అతనిది కాదు. అందుకే న్యూయార్కులో 1969లో మొదలైన ‘లాయర్స్ అలయన్స్’ వంటి సంస్థలు లాభాపేక్ష లేని సంస్థలకు వకీళ్లను పంపడమే గాక, ఆ పనిలో వారికి తర్ఫీదు కూడా ఇస్తున్నాయి. న్యూయార్కు రాష్ట్రంలో 2015 నుంచి కొత్తగా వకీలు కాదలచినవారు ముందుగా 50 గంటల ఉచిత సేవ చేసి తీరాలి. అదీ అనుభవజ్ఞుల పర్యవేక్షణలో.

మన దగ్గర ఆ శిక్షణలో ఏం ఉండాలి? మొదట, వకీలు ఆసామి షెడ్డుకు వెళ్లి లెక్క ఎలా నడుస్తుందో చూడాలి. తన గదిలో కూర్చుంటే నోటుబుక్కు కనిపించదు. రెండు, ఒప్పందాన్ని సంతకం చేసేవాడికి అర్థమయ్యే తెలుగులో, ఒక్క పేజీలో రాయగలగాలి. మూడు, చిన్న ఊళ్లో సేటూ ఆసామీ ఒకే వకీలు దగ్గరికి రావచ్చు. ‘నేను వారి పని చూస్తున్నాను, మీ పని చూడలేను, ఫలానావారి దగ్గరికి వెళ్లండి’ అని ముందే చెప్పే నిజాయితీ ఉండాలి. నాలుగు, ఒకసారి చేసి పెట్టిన పనిని రెండోసారి వారే చేసుకునేలా నేర్పాలి. చిన్న సంఘం చేసుకోగల పనిని పెద్దవారు లాక్కోకూడదని జగద్గురువులు పదకొండవ పయస్ 1931లోనే బోధించారు. ఎల్లకాలం వకీలు మీద ఆధారపడేలా చేసే సహాయం సేటు అప్పులాంటిదే.

ఈ పనులు ఇప్పుడే మొదలుపెట్టండి

పాఠకులారా, మీలో సంఘాలు నడిపేవారు ఈ వారం ఒకసారి బీరువా తెరవండి. రిజిస్ట్రేషన్ పత్రం, బైలాలు, చివరి సర్వసభ్య సమావేశం మినిట్స్, బ్యాంకు ఖాతాలో సంతకందారుల పేర్లు, ఆడిట్ చేసిన లెక్కలు. ఈ ఐదూ ఉన్నాయా చూడండి. లేనివి ఒక కాగితం మీద రాసుకోండి. చిన్న వ్యాపారులు ఉద్యమ్ నమోదు చేసుకుని, ప్రతి సరుకుకూ సంతకం తీసుకోండి. బాకీ వసూలుకు దావా వేసే గడువు మామూలుగా మూడేళ్లే. మొహమాటంతో ఆ మూడేళ్లూ గడిపేయకండి.

మీలో వకీళ్లున్నారు. బ్రిటనీ దేశపు పునీత ఈవో (1253–1303) గురువుగా, న్యాయాధిపతిగా ఉంటూనే పేదల తరఫున వాదించి వకీళ్లకు పాలక పునీతుడయ్యాడు. ఆయనంత చేయమని ఎవరూ అడగరు. నెలకు ఒక్క పూట. మీ బార్ అసోసియేషన్‌లోని నలుగురు కలిసి, ఒక ఆడిటరును పిలిచి, సంఘాల చట్టం ఒక నెల, చిన్న పరిశ్రమల చట్టం ఒక నెల చదువుకోండి. ఆ తరువాత జిల్లా న్యాయసేవాధికార సంస్థతో మాట్లాడి ఆ పూట ఎక్కడ కూర్చుంటారో బోర్డు పెట్టండి. సీనియర్లు పక్కన ఉంటే లా చదివే పిల్లలూ వస్తారు. అలా వచ్చినవారు పేదవాడి నష్టంతో గాక పెద్దవారి పర్యవేక్షణతో పని నేర్చుకుంటారు.

దానమా, బాకీయా అని మొదట్లో అడిగాం. బాకీయేనని నా అభిప్రాయం. అయితే అది హద్దున్న బాకీ. వకీలు తన ఇల్లు మాడ్చుకుని తీర్చవలసినది కాదు. అందుబాటులో తానొక్కడే ఉన్నప్పుడు, కళ్లముందున్న మనిషికి, చేతనైన పనిని సరిగ్గా నేర్చుకుని చేసి తీర్చవలసినది. సిరిసిల్లలో ఈ వారం కూడా ఎవరో ఒక ఆసామి బట్ట అప్పగించి చేతిలో కాగితం లేకుండా ఇంటికి వెళ్తాడు. ఆ కాగితం మీద ఏం రాయించుకోవాలో చెప్పడానికి పది నిమిషాలు చాలు. ఆ పది నిమిషాలే వకీలు అతనికి బాకీ.